గడువు దాటిన పెట్రోలు బంకు స్థలం లీజు: పొడిగించడం, తిరిగి నిలబెట్టడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు రోడ్డు పక్క స్థలాలను చమురు కంపెనీలకు లీజుకిచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతో నాన్నో సంతకం పెట్టారు, ఇరవై ముప్పై ఏళ్లు అద్దె వచ్చింది, ఇప్పుడు తేదీ దాటిపోయింది. "బంకు నడుస్తూనే ఉంది, అద్దె పడుతూనే ఉంది, మరి లీజు ఉన్నట్టా లేనట్టా?" అన్న ప్రశ్న పదే పదే వస్తోంది.

ఉన్నట్టూ కాదు, పూర్తిగా లేనట్టూ కాదు. దీన్ని ఒక దారికి తేవాలంటే పనులు ఒక వరసలో జరగాలి. వరస తప్పి ముందుగా అద్దె బేరానికి కూర్చున్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు.

ఇది స్థల యజమాని వైపు నుంచి రాసిన మార్గదర్శి. గ్యాస్ గోడౌనుకు ఇచ్చిన స్థలానికీ చాలావరకు ఇదే వర్తిస్తుంది. దస్తావేజు ముసాయిదా దశకు వచ్చాక మాత్రం స్థలం ఉన్న జిల్లాలో పనిచేసే వకీలు ఉండాలి. పక్క రాష్ట్రంలో ఉన్న బంధువుల వకీలు ఎంత మంచివాడైనా, ఇక్కడి భూమి చట్టాలు వేరు.

1. మీ కిరాయిదారు ఎవరు? మీ కేసు ఏ రకం?

బంకులో రోజూ కనిపించేది డీలరు. కానీ కంపెనీ లీజుకు తీసుకున్న స్థలంలో మీ కిరాయిదారు కంపెనీయే. డీలరు ఆ కంపెనీ కింద వ్యాపారం చేసుకునే మనిషి. ఆయన "నేను చూసుకుంటాను సార్, సాహెబుతో మాట్లాడాను" అంటే ఆ మాటకు కాగితం మీద విలువ లేదు. పాత దస్తావేజులో లీజుదారు స్థానంలో ఎవరి పేరుందో మొదట చూడండి. ఇకపై ప్రతి ఉత్తరం ఆ పేరుకే వెళ్లాలి.

తర్వాత మీ కేసును ఈ నాలుగింటిలో ఒకదాని కింద పెట్టండి.

- క: గడువు ఇంకా దాటలేదు, దగ్గరపడింది.
- చ: గడువు దాటింది. కానీ కంపెనీ గడువులోపే "మాకు రెన్యూవల్ కావాలి" అని రాతపూర్వకంగా అడిగింది. కొత్త దస్తావేజు మాత్రం రాయలేదు.
- ట: గడువు దాటింది. ఎవరూ ఏమీ రాసుకోలేదు. పాత అద్దె అలాగే పడుతోంది.
- త: గడువు దాటింది. అద్దె ఆగిపోయింది, లేదా మీరే వద్దన్నారు.

'క' కేసు తేలిక. 'చ' కేసులో కంపెనీకి కొంత హక్కు మిగిలి ఉంటుంది, దాన్ని పట్టించుకోకుండా మీరు వేరేవాళ్లతో బేరం పెట్టుకుంటే చిక్కు. ఎక్కువమంది ఉండేది 'ట'లో. 'త' కేసులో మాటలతో పాటు నోటీసు కూడా సిద్ధంగా ఉండాలి.

2. పాత దస్తావేజును ఇలా చదవండి

అసలు పత్రం చాలాసార్లు కంపెనీ దగ్గరే ఉంటుంది. ఇంట్లో జిరాక్సు కూడా లేకపోతే కంగారు వద్దు. రిజిస్టరైన పత్రమైతే ఆ సబ్ రిజిస్ట్రారాఫీసులోనే సర్టిఫైడ్ నకలు దొరుకుతుంది. సంవత్సరం, పేర్లు తెలిస్తే చాలు, వెతికించవచ్చు.

పత్రం చేతికొచ్చాక వీటి కింద పెన్సిలుతో గీత పెట్టండి.

- లీజు మొదలైన తేదీ
- కాలం: 20 ఏళ్లా, 30 ఏళ్లా, 19 ఏళ్ల 11 నెలలా
- గడువు తర్వాత ఏమిటి: 'పొడిగింపు' అని ఉందా, 'రెన్యూవల్' అని ఉందా, అసలు మాటే లేదా
- ఆ హక్కు వాడుకోవడానికి ఎన్ని నెలల ముందు, ఎలా తెలపాలి
- కొత్త కాలానికి అద్దె ఎలా తేలాలి
- మారు లీజుకు ఇచ్చే హక్కు ఎవరికుంది
- ఖాళీ చేసేటప్పుడు ట్యాంకులు, షెడ్డు, కట్టడాలు ఎవరివి

మూడో గీత దగ్గర కాస్త ఆగండి. పొడిగింపు, రెన్యూవల్ ఒకటే అనుకుంటారు. కాదు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2003లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. పత్రంలోనే పొడిగింపు షరతు ఉండి దాని ప్రకారం కాలం పెరిగితే కొత్త దస్తావేజు అవసరం లేదు, పాతదే సాగుతుంది. రెన్యూవల్ అయితే అది కొత్త లీజు. షరతులో చెప్పిన పద్ధతిలో, చెప్పిన గడువులో అడగాలి, తర్వాత కొత్త దస్తావేజు రాసి తీరాలి. అడిగినంత మాత్రాన లీజు పుట్టదు.

తేదీ లెక్కలో కూడా ఒక మెలిక ఉంది. '2004 ఏప్రిల్ 1 నుంచి 20 ఏళ్లు' అని మాత్రమే రాసి ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 110వ సెక్షన్ ప్రకారం ఆ మొదటి రోజును లెక్కలోంచి తీసేస్తారు. అంటే 2024 ఏప్రిల్ 1 పూర్తయ్యేదాకా లీజు ఉన్నట్టే. ముగింపు తేదీ విడిగా రాసి ఉంటే ఆ తేదీయే. ఒక్క రోజు తేడాకు నోటీసులు చెల్లకుండా పోయే సందర్భాలుంటాయి కాబట్టి ఈ లెక్క వకీలు చేత కూడా సరిచూపించండి.

1970లకు ముందు విదేశీ చమురు కంపెనీలకు ఇచ్చిన లీజులు బరంపురం లాంటి పాత ఊళ్లలో కొన్ని ఉండవచ్చు. ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ జాతీయీకరణ చట్టాలు 1974, 1976, 1977లలో వచ్చాయి. వాటిలో రెన్యూవల్ గురించి ప్రత్యేక ఏర్పాట్లు ఉండేవి. మీ పత్రం ఆ కాలంనాటిదైతే ఈ మార్గదర్శి ఒక్కటే చాలదు, వకీలు దగ్గర మొదలుపెట్టండి.

3. అద్దె డబ్బు: ముందు ఒక ఉత్తరం, తర్వాతే మిగతావి

"అద్దె తీసుకుంటున్నాం కదా, లీజు దానంతట అదే సాగుతుంది" అనేది అందరి నమ్మకం. ఆస్తి బదిలీ చట్టంలో 116వ సెక్షన్ ఉన్న మాట నిజమే. గడువు తర్వాత కిరాయిదారు స్థలంలోనే ఉండి, యజమాని అద్దె తీసుకునో మరో విధంగానో ఒప్పుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, బంకు లాంటి వ్యాపార స్థలాల్లో అది నెల నెలా సాగే కిరాయి అవుతుంది. పాత ఇరవై ఏళ్లు మళ్లీ రావు. నెల నెలా సాగే కిరాయిని ఎవరైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు.

పైగా అద్దె తీసుకోవడం ఒక్కటే ఒప్పుకోలు కాదని సుప్రీంకోర్టు 2005లో కూడా చెప్పింది. ఖాతాలో పడిన డబ్బును మీరు ఏ ఉద్దేశంతో తీసుకున్నారో చూస్తారు. ఆ ఉద్దేశం కాగితం మీద లేకపోతే రేపు ఇద్దరూ రెండు రకాలుగా చెబుతారు.

అందుకే 'ట' కేసులో ఉన్నవాళ్లు ఈ వారంలోనే ఒక చిన్న ఉత్తరం పంపాలి. ఇంగ్లీషులో రాయించండి. అందులో ఉండాల్సినవి:

- ఏ దస్తావేజు, ఏ నంబరు, ఏ తేదీన గడువు ముగిసింది
- ఆ తేదీ తర్వాత ఖాతాలో పడుతున్న సొమ్మును స్థలం వాడకానికి ప్రతిఫలంగా, మా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నామని
- దీన్ని పాత లీజుకు రెన్యూవల్‌గా భావించరాదని
- కొత్త షరతులపై మాట్లాడటానికి సిద్ధమేనని, అందుకు ఒక తేదీ

నాలుగోది మరచిపోకండి. మొదటి మూడే రాస్తే అది గొడవ ఉత్తరంలా కనిపిస్తుంది, ఫైలు నేరుగా కంపెనీ లా డిపార్ట్‌మెంటుకు వెళ్లిపోతుంది. అక్కడికి వెళ్లిన ఫైలు వెనక్కి రావడానికి ఎంత కాలం పడుతుందో చెప్పలేం.

రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి స్పీడ్ పోస్టులోనే, చేరినట్టు రుజువు వచ్చేలా పంపి, ట్రాకింగ్ పేజీని ప్రింటు తీసి దాచండి.

పాత బకాయిలుంటే ఇంకో లెక్క: అద్దె బకాయి రాబట్టుకోవడానికి మూడేళ్లే గడువు. ఐదేళ్లుగా అద్దె రాలేదంటే, మొదటి రెండేళ్ల సొమ్ము చేజారినట్టే అనుకోవాలి, కంపెనీ ఈలోగా బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే తప్ప.

4. భూమి కాగితాలు: సగం పని ఇక్కడే

కంపెనీ లీజు రాసే ముందు మీ హక్కును మళ్లీ మొదటి నుంచి పరిశీలిస్తుంది. ఇరవై ఏళ్ల కిందట ఒప్పుకున్నారు కదా అంటే కుదరదు. ఒడిశా వైపు మన తెలుగువాళ్ల ఫైళ్లు ఆగేది ఈ కారణాల వల్ల.

ప్లాటు నంబరు మారిపోవడం. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవి. పాత పత్రాల్లో సర్వే నంబరు ఒకటి ఉంటుంది, తర్వాత జరిగిన సెటిల్‌మెంట్‌లో ప్లాటు నంబరు ఇంకొకటి వచ్చి ఉంటుంది. పాతదాన్ని సాబిక్ అనీ, కొత్తదాన్ని హాల్ అనీ అంటారు. లీజులో సాబిక్ నంబరు, పట్టాలో హాల్ నంబరు ఉంటే రెండూ ఒకటేనని చూపే కాగితం తహసీల్ ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి. ఇది చివర్లో చేసే పని కాదు, మొదట్లోనే దరఖాస్తు పెట్టండి.

విస్తీర్ణం. పాత తెలుగు కాగితాల్లో సెంట్లు, భూమి హక్కుల రికార్డైన ఆర్.ఓ.ఆర్‌లో డెసిమల్. రెండూ ఎకరంలో నూరో వంతే, కాబట్టి అంకె మారకూడదు. మారిందంటే రోడ్డు వెడల్పులో కొంత పోయి ఉండాలి, లేదా కొలతలో తేడా ఉండాలి. అమీన్ (సర్వేయరు) చేత కొలిపించి, ఇప్పుడున్న స్థలానికే లీజు రాయించండి. లేని మూడు సెంట్లకు అద్దె అడిగితే బేరమంతా అనుమానంలో పడుతుంది.

కిసం, అంటే రికార్డులో రాసిన భూమి రకం. ఆర్.ఓ.ఆర్‌లో ఆ ప్లాటు కిసం ఏమని ఉందో భూలేఖ్ వెబ్‌సైటులో చూసుకోండి. బంకు నడుస్తున్నా రికార్డులో ఇంకా వ్యవసాయ భూమి అనే ఉండటం అరుదేమీ కాదు. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద మార్పిడికి తహసీల్‌లో దరఖాస్తు చేసుకోవాలి.

పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా రికార్డులో చివర్లో ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. ఆధార్‌లో ఒక తీరు, పట్టాలో ఒక తీరు, బ్యాంకులో ఇంకో తీరు. ముగ్గురూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి. ఈ చిన్న కాగితం లేక రిజిస్ట్రేషన్ రోజు తిరిగొచ్చినవాళ్లున్నారు.

షెడ్యూల్డ్ ప్రాంతం. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతిలో ఆర్. ఉదయగిరి తహసీల్, పర్లాకిమిడి తహసీల్‌లోని గుమ్మ, రాయగడ బ్లాకులు ఆ కిందికి వస్తాయి. (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. దరఖాస్తుల్లో తరచూ కలిపేస్తారు.) ఇక్కడ ఎస్టీ కుటుంబాల భూమిని ఎస్టీ కానివారికి బదిలీ చేయడాన్ని 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ అడ్డుకుంటుంది. లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. మీరు ఎస్టీ కాకపోయినా, మీ పెద్దలు ఆ స్థలాన్ని ఎవరి దగ్గర కొన్నారో చూసుకోండి. అమ్మినవాళ్లు ఎస్టీలైతే, అనుమతి పత్రం దొరికేదాకా కొత్త లీజు మాట ఎత్తకండి. మీ హక్కునే ప్రశ్నించే అవకాశం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా ఎస్సీ, ఎస్టీల భూమి విషయంలో భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ అనుమతి అడుగుతుంది.

మహారాష్ట్ర వైపు, అంటే సిరొంచ, అహేరి, కిన్వట్, రాజురా పక్కన ఉన్నవాళ్లకు వరస ఇదే, కాగితాల పేర్లు వేరు. అక్కడి భూమి రికార్డులైన సాత్-బారా, ఆఠ్-అ, ఫేర్‌ఫార్ నకళ్లు తీయించాలి. వ్యవసాయేతర అనుమతి ఉందో లేదో చూడాలి. విస్తీర్ణం ఆర్‌లలో ఉంటుంది, ఎకరం అంటే 40.47 ఆర్‌లు. గిరిజనుల భూమి అయితే అక్కడి రెవెన్యూ కోడ్ 36-ఏ కింద కలెక్టరు అనుమతి కావాలి. లీజు ఐదేళ్లు దాటితే రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కూడా ఉండాలి.

5. వారసులందరి సంతకాలు

లీజు ఇచ్చిన నాన్న పోయారు. అద్దె పెద్దకొడుకు ఖాతాలో పడుతోంది. అందుకని ఆయన ఒక్కడి సంతకంతో కొత్త లీజు నడవదు. మొదట ముటేషన్ జరిగి, వారసుల పేర్లు రికార్డులోకి ఎక్కాలి.

ఆడపిల్లల్ని వదిలేసి రాయించడం అన్నిటికంటే పెద్ద తప్పు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. కంపెనీ వకీలు ఈ విషయం తప్పక అడుగుతాడు. పెళ్లై విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న అక్కకు ఆఖరి రోజు ఫోన్ చేసి "రేపు సంతకం పెట్టాలి, రా" అంటే ఆమెకు అనుమానం రావడం సహజం. ముందే, సూటిగా చెప్పండి: "అక్కా, బంకు లీజు మళ్లీ రాయించాలి. ఇది నీ వాటా వదులుకునే కాగితం కాదు. నీ వాటా అద్దె నీ ఖాతాలోకే వస్తుంది. ముసాయిదా పంపుతాను, బావగారికి కూడా చూపించు." ఈ నాలుగు మాటల తర్వాత చాలా ఇళ్లలో టెన్షన్ సగం తగ్గుతుంది.

రాలేనివాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. రిజిస్ట్రేషన్ పనికి వాడే పవరును వాళ్లు ఉండే చోటి రిజిస్ట్రారాఫీసులో ధ్రువీకరించాలి. ఉత్త నోటరీ పవరు తెచ్చి బరంపురంలో నిలబడితే వెనక్కి పంపుతారు. పవరులో 'లీజుకు ఇచ్చే, రిజిస్ట్రేషన్ చేయించే అధికారం' అని ప్లాటు నంబరుతో సహా ఉండాలి.

అద్దెను ఎవరి వాటా వాళ్ల ఖాతాకే వేసేలా దస్తావేజులో రాయించండి. ప్రతి ఒక్కరి పాన్ ఇవ్వాలి. లేకపోతే టీడీఎస్ అంతా ఒకరి పేరు మీద పడి, అన్నదమ్ముల మధ్య లెక్కలు తేలవు.

6. కంపెనీకి ప్రతిపాదన పంపడం

కాగితాలు చేతిలోకి వచ్చాకే ఇది. అడ్రసు విషయంలో ఒక జాగ్రత్త: దస్తావేజులో ఉన్న రిజిస్టర్డ్ ఆఫీసుకు ఒకటి, ఇప్పుడు మీ బంకును చూసే డివిజనల్ ఆఫీసుకు ఒకటి పంపండి. ఫీల్డ్ ఆఫీసరుకు కాపీ ఇవ్వండి, కానీ ఆయన నోటి మాట మీద ఆగిపోకండి. మంజూరు ఆయన చేతిలో ఉండదు, ఆయనకు బదిలీలు కూడా ఉంటాయి.

ఉత్తరంతో జత చేయాల్సినవి:

- పాత లీజు నకలు
- ఆర్.ఓ.ఆర్, సాబిక్–హాల్ కాగితం, కొలత స్కెచ్
- వారసుల పత్రం, ముటేషన్ ఆర్డరు
- అందరి అంగీకార పత్రం, పాన్ నకళ్లు
- మీరు అడిగే కాలం, అద్దె, పెంపు
- చివరిసారి అద్దె పడిన తేదీ, బకాయి లెక్క

'చ' కేసులో ఉన్నవాళ్లు కంపెనీ గడువులోపు పంపిన ఉత్తరాన్ని ప్రస్తావించండి. ఆ హక్కును కోర్టు ద్వారా అమలు చేయించుకోవడానికి కంపెనీకి కూడా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ కాలం ఎప్పుడు మొదలైందో లెక్క వేయించుకుంటే, బేరంలో మీ స్థానం ఎక్కడుందో తెలుస్తుంది.

7. బేరం: అద్దె ఒక్కటే కాదు

ఎంత అడగాలి? పక్క ఊరి బంకు అద్దె విని ఆ అంకె అడగడం పనికిరాదు. రోడ్డు, ముఖద్వారం వెడల్పు, అమ్మకం, స్థలం విలువ అన్నీ కలిసి తేలతాయి. రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో ఒక రిపోర్టు రాయించుకోండి. కంపెనీ తన వాల్యూయర్‌ను పంపినప్పుడు మీ చేతిలో కూడా ఒక కాగితం ఉంటుంది. బైపాస్ పడి ట్రాఫిక్ తగ్గిన రోడ్డయితే వాస్తవాన్ని ఒప్పుకోవాలి. అలాంటి చోట కంపెనీ వదిలేసి వెళ్లినా వెళ్లవచ్చు.

నా అభిప్రాయంలో మొదటి ఏడాది అద్దె కన్నా పెంపు షరతే ముఖ్యం. పాత లీజుల్లో యజమానులు నష్టపోయింది దాదాపు ఎప్పుడూ అక్కడే. ముప్పై ఏళ్లకు ఒకే అద్దె రాసి ఇచ్చిన పత్రాలు ఇప్పటికీ చూస్తున్నాం. మూడేళ్లకో ఐదేళ్లకో ఇంత శాతం అని స్పష్టంగా రాయించండి. 'ఇరుపక్షాలు మాట్లాడుకుని' అనే మాట పెంపు దగ్గర రానివ్వకండి.

మిగతా వాటిలో వీటి మీద పట్టుబట్టండి:

- గడువు దాటిన నాటి నుంచి కొత్త దస్తావేజు దాకా ఉన్న మధ్య కాలానికి ఏ రేటు
- లీజు ముగిశాక ఖాళీ చేయకపోతే రోజుకు ఇంత పరిహారం
- భూగర్భ ట్యాంకులను నిబంధనల ప్రకారం తీసి, నేల చదును చేసి అప్పగించే బాధ్యత కంపెనీదే
- వేరేవారికి మార్చే ముందు రాతపూర్వక సమ్మతి
- రెన్యూవల్ అడగాలంటే గడువుకు కనీసం ఆరు నెలల ముందు

పన్ను విషయం: అద్దె పరిమితి దాటితే కంపెనీ 10 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. జీఎస్టీలో రిజిస్టర్ కాని యజమాని రిజిస్టరైన సంస్థకు ఇల్లు కాని ఆస్తిని అద్దెకిస్తే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను కట్టాల్సింది అద్దెకు తీసుకున్న సంస్థే. అద్దెలోంచి దాన్ని కోయకుండా దస్తావేజులో రాయించండి.

8. దస్తావేజు, స్టాంపు, రిజిస్ట్రేషన్

ఏడాది దాటిన లీజు రిజిస్టరు కాకపోతే ఆ కాలానికి లీజుగా నిలబడదు. తెల్ల కాగితం మీదో నోటరీ దగ్గరో 20 ఏళ్లకు రాసుకున్నది, చట్టం దృష్టిలో నెల నెలా సాగే కిరాయికి రుజువుగా మాత్రమే పనికొస్తుంది.

సరిహద్దులో ఉన్నవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి:

- ఎక్కడ: స్థలం ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉందో అక్కడే. పర్లాకిమిడి స్థలాన్ని పాతపట్నంలో, బరంపురం స్థలాన్ని ఇచ్ఛాపురంలో రిజిస్టర్ చేయించలేం.
- స్టాంపు: స్థలం ఉన్న రాష్ట్రానికే డ్యూటీ కట్టాలి. శ్రీకాకుళంలో కొన్న స్టాంపు పేపరు ఒడిశా భూమికి చెల్లదు.
- భాష: రిజిస్ట్రారుకు తెలియని, ఆ జిల్లా వాడుకలో లేని భాషలో పత్రం ఉంటే, జిల్లా వాడుక భాషలో నిజమైన అనువాదం జత చేయాలి. పాత తెలుగు అంగీకార పత్రాలు, వీలునామాలు జత చేసేవాళ్లు ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం ముందే సిద్ధం చేసుకోండి.
- గడువు: సంతకం చేసిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. తర్వాతి నాలుగు నెలల్లో జరిమానాతో తీసుకునే అవకాశముంది.

ఒడిశాలో డ్యూటీ లెక్కలోకి లీజు కాలం, సగటు వార్షిక అద్దె, ముందుగా తీసుకునే సొమ్ము వస్తాయి. సంతకానికి ముందే రిజిస్ట్రారాఫీసులో లెక్క వేయించుకోండి. వేరే ఒప్పందం లేకపోతే లీజు డ్యూటీ భరించాల్సింది లీజుదారే. "సగం సగం" అని ముసాయిదాలో వస్తే కొట్టేయించండి.

మహారాష్ట్రలో స్టాంపు చట్టం 36వ ఆర్టికల్ కింద లెక్క వేరు. స్థలం మార్కెట్ విలువలో, ఐదేళ్ల దాకా 10 శాతం, పదేళ్ల దాకా 25 శాతం, 29 ఏళ్ల దాకా 50 శాతం, ఆపైన 90 శాతం మీద డ్యూటీ వేస్తారు. దస్తావేజులో రాసిన రెన్యూవల్ కాలాన్ని కూడా కలిపే లెక్కిస్తారు. 20 ఏళ్ల లీజుకు ఇంకో పదేళ్ల రెన్యూవల్ షరతు కలిపితే అది 30 ఏళ్లయి నేరుగా 90 శాతంలోకి పోతుంది. ఆ ఒక్క వాక్యం ఉండాలా వద్దా అన్నది డబ్బు లెక్క చూసి నిర్ణయించుకోవాలి.

పాత తేదీ వేయడం గురించి: లీజు కాలం పాత గడువు ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుందని రాసుకోవచ్చు. కానీ సంతకం తేదీ నిజంగా సంతకం పెట్టిన రోజే ఉండాలి. పాత స్టాంపు పేపరు సంపాదించి వెనకటి తేదీ వేద్దామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

9. లైసెన్సులు

బంకు నడవాలంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో ఇచ్చే ఫారం 14 లైసెన్సు ఉండాలి. 2002 పెట్రోలియం నియమాల ప్రకారం, స్థలం మీద లైసెన్సుదారుకు హక్కు పోతే ఆ లైసెన్సు రద్దయ్యే పరిస్థితి వస్తుంది. ఆ హక్కు అంటే చట్టబద్ధమైన హక్కు అని, గడువు దాటాక ఊరికే కూర్చుని ఉండటం కాదని సుప్రీంకోర్టు 2005లో తమిళనాడు బంకు కేసులో తేల్చింది.

కాబట్టి లీజు లేకుండా సాగడం కంపెనీకి కూడా ప్రమాదమే. బేరంలో ఈ మాటను మర్యాదగా గుర్తుచేస్తే చాలు, కలెక్టరుకు ఫిర్యాదు పెడతానని మొదటి రోజే బెదిరించాల్సిన పని లేదు. గ్యాస్ గోడౌనుకైతే ఫారం ఎఫ్ లైసెన్సు ఉంటుంది. జాతీయ రహదారి పక్కన బంకైతే రోడ్డులోకి దారి అనుమతి కాలం కూడా కంపెనీని అడిగి చూసుకోండి.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

- డీలరు దగ్గర అడ్వాన్సు తీసుకోవడం. తీసుకుని ఉంటే, అది ఏ లెక్క కిందో రాసుకుని కంపెనీకి తెలియజేయండి. లేకపోతే మీకు ఇద్దరు కిరాయిదారులున్నట్టు తేలుతుంది.
- బంకుకు తాళం వేయడం, దారికి అడ్డంగా రాళ్లు వేయడం. గడువు దాటినా సరే, బలవంతంగా ఖాళీ చేయించకూడదు. వేసి ఉంటే వెంటనే తీసేసి నోటీసు దారిలోకి రండి.
- ట్యాంకుల జోలికి వెళ్లడం. లోపల ఆవిరి తొలగించకుండా భూగర్భ ట్యాంకు దగ్గర తవ్వకం, వెల్డింగ్ ప్రాణాపాయం. అది పూర్తిగా కంపెనీ పని.
- ఒక వారసుడు మధ్యలో విడిగా ఒప్పందం చేసుకోవడం. మిగతావాళ్లు వెంటనే అభ్యంతరం రాతపూర్వకంగా కంపెనీకి పంపాలి.
- బేరం నడుస్తోంది కదా అని ఏళ్లు గడిపేయడం. ప్రతి మీటింగు తర్వాత "ఇవాళ ఇలా అనుకున్నాం" అని ఒక ఈమెయిలు పెట్టండి.

11. కుదరకపోతే

వకీలు ద్వారా కిరాయి ముగింపు నోటీసు ఇవ్వాలి. అది నెల నెలా సాగే కిరాయి అయితే 15 రోజులు. ఆ తర్వాత స్వాధీనం కోసం, గడువు దాటిన కాలానికి మార్కెట్ రేటులో పరిహారం కోసం దావా వేయవచ్చు. కిరాయి ముగిసినప్పటి నుంచి స్వాధీనానికి 12 ఏళ్ల కాలపరిమితి ఉంది, కానీ పరిహారం సొమ్ము విషయంలో అంత తీరిక ఉండదు.

పూర్తిగా వ్యాపారానికి వాడే స్థలం, దావా విలువ మూడు లక్షలు దాటితే అది వాణిజ్య వివాదం కిందికి రావచ్చు. అప్పుడు అత్యవసర ఉత్తర్వు అడగని దావాలకు ముందుగా మధ్యవర్తిత్వం తప్పనిసరి. జిల్లా న్యాయసేవా సంస్థలో దరఖాస్తు పెట్టాలి. చాలామంది దీన్ని కాలయాపన అనుకుంటారు. నిజానికి నిర్ణయం తీసుకునే స్థాయి అధికారిని ఎదురుగా కూర్చోబెట్టే అవకాశం యజమానికి దొరికేది ఇక్కడే. మీ వాల్యూయరు రిపోర్టు, బకాయి లెక్క, ముసాయిదా దస్తావేజు మూడూ తీసుకుని వెళ్లండి.

12. రిజిస్ట్రేషన్ అయ్యాక వారం రోజుల్లో

- సర్టిఫైడ్ నకళ్లు రెండు తీయించి, ఒకటి ఊళ్లో ఉన్నవారి దగ్గర, ఒకటి బయట ఉన్న వారసుల్లో ఒకరి దగ్గర ఉంచండి
- మధ్య కాలపు తేడా సొమ్ము పడిందో లేదో ఖాతాల వారీగా సరిచూడండి
- మొదటి నెల అద్దె, టీడీఎస్ ఎవరి పాన్ మీద పడ్డాయో చూడండి
- కొత్త లీజు వివరాలు పెసోకు తెలియజేశారా అని కంపెనీని ఈమెయిలులో అడగండి
- పెంపు తేదీలు, రెన్యూవల్ నోటీసు తేదీ పత్రం మొదటి పేజీ మీదే పెన్నుతో కాకుండా విడి కాగితం మీద రాసి పిన్ను చేయండి. అసలు పత్రం మీద చేతిరాత ఉంటే రేపు కోర్టులో అదో ప్రశ్న అవుతుంది.